పాత కారు ముందు చక్రాలు: అంకె చివర, అరుగుదల ముందు

పాత కార్లు నడిపేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు చెప్పే ఫిర్యాదులు మూడు. స్టీరింగ్ మీద చెయ్యి సడలిస్తే బండి ఒక పక్కకు లాగుతోంది. కొంచెం వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతోంది. కొత్తగా వేయించిన టైరు ఒక అంచున నున్నగా అరిగిపోతోంది. ఈ మూడింటికీ అందరూ చెప్పే మందు ఒకటే, అలైన్‌మెంట్ చేయించమని. బండిని కంప్యూటర్ అలైన్‌మెంట్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడి జాబితాలో 1948 నాటి జీపు ఉండదు, 1930 నాటి ఫోర్డ్ ఉండదు. దగ్గరగా అనిపించిన ఇంకేదో మోడల్ ఎంచుకుని, తెరమీద అంకెలు పచ్చగా మారేదాకా, ముందు చక్రాలను కలిపే టై రాడ్ తిప్పి బండి ఇచ్చేస్తారు. నాలుగు రోజులకు పాత జబ్బే తిరగబెడుతుంది.

దీని మీద మెకానిక్కుల మధ్య, కార్లు సేకరించేవాళ్ల మధ్య చాలాకాలంగా వాదాలు నడుస్తున్నాయి. ఫ్యాక్టరీ మాన్యువల్‌లో ఉన్న కొలతే వేదమని ఒక పక్షం. టైర్లు, రోడ్లు మారాయి కాబట్టి కొలతలూ మారాలని మరో పక్షం. దారం, స్పిరిట్ లెవెల్ చాలని కొందరు, కంప్యూటర్ లేకుండా పని కాదని కొందరు. ఈ వాదాలన్నిటినీ ఒకచోట పెట్టి, ఎవరి మాటలో ఎంత బలముందో చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత కారుకు అలైన్‌మెంట్ ప్రధానంగా రోగ నిర్ధారణ. అరిగిన భాగాలను వెతికి సరిచేయడం అందులో ముప్పాతిక వంతు. మాన్యువల్‌లోని అంకె చివర వస్తుంది. ఆ అంకె ఏ అవసరానికి పుట్టిందో తెలిసినవాడే దాన్ని ఉంచాలో మార్చాలో తేల్చగలడు.

నాలుగు కోణాలు, వాటి పుట్టుక

ముందు చక్రాల లెక్కలో అన్నిటికన్నా పాతది మలుపుకు సంబంధించింది. బండి తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోక తప్పదు. గుర్రపు బండ్ల కాలంలోనే మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఆయన తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో ఇంగ్లాండులో పేటెంట్ తీసుకోవడంతో ఆ అమరిక ఆకర్‌మన్ పేరిటే నిలిచిపోయింది. చక్రాల దగ్గరున్న స్టీరింగ్ ఆర్మ్‌లు కొద్దిగా లోపలికి వంగి ఉండటం అందుకే. లెక్కకు ముందు వెనుక ఇరుసుల మధ్య 2.46 మీటర్లు, చక్రాలు మలుపు తిరిగే కీళ్లైన కింగ్ పిన్‌ల మధ్య 1.2 మీటర్లు ఉన్న కారును తీసుకుందాం. బయటి చక్రం 20 డిగ్రీలు తిరిగినప్పుడు లోపలిది దాదాపు 24 డిగ్రీలు తిరగడం ఆదర్శం. నిజమైన కార్లు ఈ ఆదర్శానికి కొంత తక్కువలోనే ఉంటాయి. అయితే ఎడమకు తిప్పినప్పుడు ఒక తేడా, కుడికి తిప్పినప్పుడు ఇంకో తేడా కనిపిస్తే మాత్రం ఏదో ఒక ఆర్మ్ వంగిందనో, స్టీరింగ్ నడిమధ్యలో లేదనో అర్థం. దీన్ని టై రాడ్ తిప్పి సరిచేయలేం.

రెండోది క్యాంబర్. ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం బయటికి వాలిందా, లోపలికి వాలిందా అన్నదే క్యాంబర్. ఫోర్డ్ మోడల్ టి లాంటి తొలితరం కార్లలో చక్రాలు పైన ఎడంగా, కింద దగ్గరగా ఉండటం కంటికే కనిపిస్తుంది. దానికి కారణాలున్నాయి. అప్పటి రోడ్లు మధ్యలో ఉబ్బెత్తుగా, రెండు పక్కలకూ వాలుగా ఉండేవి. చక్రాన్ని అలా వాలిస్తే అది నేలను తాకే చోటు కింగ్ పిన్ గీతకు దగ్గరగా వస్తుంది. అప్పుడు గతుకుల దెబ్బ స్టీరింగ్ దాకా రాదు, పవర్ స్టీరింగ్ లేని బండిని తిప్పడమూ తేలికవుతుంది. తర్వాత కింగ్ పిన్‌నే లోపలికి వాల్చే పద్ధతి వచ్చింది, టైర్లు వెడల్పయ్యాయి. ఎక్కువ క్యాంబర్ ఉంటే వెడల్పు టైరు అంచులు అరుగుతాయి. అందుకే 1930ల నుంచి ఈ కోణం క్రమంగా తగ్గుతూ వచ్చింది.

మూడోది క్యాస్టర్. పక్క నుంచి చూస్తే కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలి ఉండటం. సైకిల్ ముందు ఫోర్కు ఎలా వాలి ఉంటుందో ఇదీ అంతే. చేతులు వదిలినా సైకిల్ కొంతదూరం తిన్నగా పోవడానికి సాయపడే వాటిలో ఆ వాలు ఒకటి. కారులో స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను నడిమధ్యకు వచ్చేది కూడా క్యాస్టర్ వల్లనే. కింగ్ పిన్ లోపలి వాలు దీనికి తోడవుతుంది. తిప్పినకొద్దీ ఆ వాలు బండి ముందు భాగాన్ని కొంచెం పైకి లేపుతుంది, బండి బరువే చక్రాలను తిరిగి తిన్నగా నెడుతుంది.

నాలుగోది టో-ఇన్. పైనుంచి చూస్తే రెండు చక్రాలూ ముందువైపు కొద్దిగా దగ్గరగా ఉండటం. పైన బయటికి వాలిన చక్రం దొర్లుతూ బయటికే పోవాలని చూస్తుంది. నేల రాపిడి కూడా వెనుక చక్రాలతో నడిచే బండిలో ముందు చక్రాలను విడదీసే వైపే లాగుతుంది. జాయింట్లలో ఉండే కాస్త వదులును ఈ లాగుడు తినేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు చక్రాలను కొంచెం లోపలికి మూసి ఉంచితే నడుస్తున్నప్పుడు అవి సమాంతరంగా వస్తాయి. అంటే టో-ఇన్ మిగతా కోణాలకూ జాయింట్ల వదులుకూ జవాబుగా పెట్టిన కొలత. దాన్ని విడిగా చూడటం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తోంది.

ఒకే ఇరుసు బండ్ల వణుకు

ఈ చరిత్రలో మలుపు 1920లలో వచ్చింది. అంతదాకా టైర్లు సన్నగా, గట్టిగా ఉండేవి. చాలా బండ్లకు ముందు చక్రాలకు బ్రేకులే లేవు. ఆ దశాబ్దంలో తక్కువ గాలితో నడిచే బెలూన్ టైర్లు వచ్చాయి, ముందు చక్రాలకు బ్రేకులు వచ్చాయి. వాటి వెంటే స్టీరింగ్ వణుకు పెద్ద సమస్యై కూర్చుంది. ముందు చక్రాలు రెండూ ఒకే ఉక్కు ఇరుసుకు ఉన్నప్పుడు ఒక చక్రం గుంటలో పడితే ఇరుసంతా ఒరుగుతుంది. వేగంగా తిరిగే చక్రాన్ని అలా ఒరగదీస్తే అది గైరోస్కోపు స్వభావం కొద్దీ పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడు మళ్లీ ఇరుసును ఊపుతుంది. మెత్తని టైరు ఈ ఊపుకు స్ప్రింగులా తోడవుతుంది. జాయింట్లు వదులుగా ఉంటే వణుకు ఆగేదాకా బండి ఆపుకోవడం తప్ప దారి ఉండదు.

బ్రేకుల చిక్కు వేరే. ముందు ఇరుసు కమాన్ కట్టల మీద ఉన్న బండిలో బ్రేకు నొక్కితే ఇరుసు పైభాగం ముందుకు మెలి తిరుగుతుంది, ఆ మేరకు క్యాస్టర్ తగ్గుతుంది. కమాన్లు అలసిపోయి మెత్తబడితే ఆ మెలి ఇంకా పెరుగుతుంది. మామూలుగా తిన్నగా పోయే బండి బ్రేకు వేసినప్పుడే దారి తప్పుతుంటే చూడాల్సింది టై రాడ్‌ను కాదు, కమాన్లను, వాటి యూ-బోల్టులను, షాకిల్ బుష్‌లను.

ఈ వణుకుకు మూలంలోనే పరిష్కారం వెతికినవాళ్లలో రోల్స్-రాయిస్ నుంచి క్యాడిలాక్‌కు వెళ్లిన మారిస్ ఓలీ ముఖ్యుడు. జనరల్ మోటార్స్ 1934 మోడళ్లలో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ రావడం వెనుక ఆయన ప్రయోగాలున్నాయి. యూరప్‌లో లాన్‌చియా లాంబ్డా 1922లోనే ఆ దారి పట్టింది. ఈ చరిత్ర ఇవాళ మనకు ఎందుకంటే, 1930ల ముందు బండికీ తర్వాతి బండికీ అలైన్‌మెంట్ అన్న మాటకు అర్థమే వేరు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూసేవాళ్లను ఆకట్టుకునే 1912 నాటి రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మొదటి తరగతికి చెందింది. ఒకే ఇరుసు, కమాన్లు, చెయ్యి బలంతో తిరిగే స్టీరింగ్. అలాంటి బండిలో క్యాంబర్ ఇరుసును కాల్చి సాగగొట్టినప్పుడే స్థిరపడిపోతుంది. మెకానిక్ సులువుగా తిప్పగలిగింది టో-ఇన్ ఒక్కటే. క్యాస్టర్‌ను కమాన్‌కూ ఇరుసుకూ మధ్య వాలు షిమ్‌లు పెట్టి మార్చవచ్చు.

మన రోడ్ల మీది పాత బండ్లు

మన దగ్గర వింటేజ్ అనే మాట పరిధి ఇప్పుడు చట్టం ప్రకారమే విస్తరించింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లు వింటేజ్ కిందికి వస్తాయి. వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్ వరుస ఉంది. అంటే రాజులు వాడిన కార్లతో పాటు 1970ల తొలినాటి అంబాసిడర్, ఫియట్ కూడా ఈ గౌరవానికి అర్హత పొందాయి. అలైన్‌మెంట్ ప్రశ్న ఇక కొద్దిమంది సంపన్నుల ముచ్చట కాదు. ఊరూరా షెడ్లలో తాత తండ్రుల బండిని బతికించుకునే కుటుంబాలన్నిటిదీ.

మహీంద్రా వాళ్లు మనకిచ్చిన విల్లీస్ తరహా జీపుతో మొదలుపెడదాం. దీనిది ఒకే ముందు ఇరుసు, కమాన్లు. దాని మాన్యువల్ కొలతలు అందరికీ తెలిసినవే: క్యాస్టర్ 3 డిగ్రీలు, క్యాంబర్ ఒకటిన్నర డిగ్రీలు, కింగ్ పిన్ వాలు ఏడున్నర డిగ్రీలు, టో-ఇన్ 3/64 నుంచి 3/32 అంగుళం. ఈ బండి దారి తప్పుతోందంటే ముందుగా చూడాల్సింది మధ్యలో ఉండే బెల్ క్రాంక్‌ను. స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే కదలికను రెండు టై రాడ్‌లకూ పంచేది అదే. దాని పిన్నూ బుష్షూ అరిగితే ఎన్నిసార్లు టో-ఇన్ పెట్టినా రెండు చక్రాలూ మాట మీద నిలబడవు.

అంబాసిడర్ కథ వేరు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైన ఈ బండికి ముందు చక్రాలు విడివిడిగా ఉంటాయి, స్ప్రింగుల పని టార్షన్ బార్లు చేస్తాయి, స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్. టార్షన్ బార్ ఏళ్ల తరబడి బరువు మోసి అలసిపోతే బండి ఆ మూల కుంగుతుంది. కుంగినప్పుడు కింది ఆర్మ్ కోణం మారుతుంది, దానితో క్యాంబర్ మారుతుంది. టై రాడ్ ఒక వృత్తం మీద, సస్పెన్షన్ ఆర్మ్ ఇంకో వృత్తం మీద కదులుతాయి కాబట్టి టో కూడా మారుతుంది. రెండు మూలల ఎత్తూ మాన్యువల్ చెప్పిన చోటికి తెచ్చాకే మిగతా కొలతలకు అర్థముంటుంది. ఎత్తు చూడకుండా టో పెట్టడం ఈ బండ్లకు జరిగే అన్యాయాల్లో మొదటిది.

ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని కాయిల్ స్ప్రింగులు, రెండేసి ఆర్మ్‌ల అమరికతో వచ్చాయి. వీటికి ర్యాక్ ఉండదు, స్టీరింగ్ బాక్సు ఉంటుంది. బాక్సు ఉన్న ప్రతి పాత బండిలోనూ ఒక సూక్ష్మం ఉంది. బాక్సులోని పళ్లు సరిగ్గా నడిమధ్యలో కొంచెం బిగువుగా, పక్కలకు కొంచెం వదులుగా ఉండేలా చేస్తారు. బండి తిన్నగా పోతున్నప్పుడు బాక్సు ఆ బిగువు చోటే ఉండాలి. ఒక పక్క టై రాడ్‌నే తిప్పి టో సరిచేస్తే బాక్సు ఆ చోటు నుంచి జరిగిపోతుంది. తెరమీద అంకె సరిపోతుంది, చేతిలో స్టీరింగ్ మాత్రం వదులైపోతుంది. డ్రైవరు 'ప్లే వచ్చింది' అంటాడు. మెకానిక్ బాక్సు బిగిస్తాడు. మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది. మొదటి తప్పు మీద రెండో తప్పు పేరుకుంటుంది.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు కింది జాయింట్‌లో ట్రనియన్ అనే మరల భాగం ఉంటుంది. దానికి పట్టించాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్. గ్రీజు అన్ని మరల్లోకీ పారదు. లోపల తేమ చేరి తుప్పు పడుతుంది, చివరికి ఆ భాగం విరిగి చక్రం కూలిపోయే ప్రమాదముంది. అలైన్‌మెంట్ కోసం షెడ్డుకు వచ్చిన హెరాల్డ్‌కు మొదటి సేవ ఆ నూనె పట్టించడమే.

అంకెలు ఏ భాషలో ఉన్నాయి

పాత మాన్యువల్ టో-ఇన్‌ను అంగుళాల్లో చెబుతుంది, కొత్త యంత్రం డిగ్రీల్లో, నిమిషాల్లో చూపిస్తుంది. ఈ మార్పిడిలోనే సగం తప్పులు జరుగుతాయి. మోరిస్ మైనర్‌ను తీసుకుందాం. దాని టో-ఇన్ 3/32 అంగుళం, అంటే దాదాపు 2.4 మిల్లీమీటర్లు. దాన్ని 14 అంగుళాల రిమ్ అంచున కొలిస్తే రెండు చక్రాలకూ కలిపి సుమారు 23 నిమిషాల కోణం. అదే 2.4 మిల్లీమీటర్లను 600 మిల్లీమీటర్ల టైరు బయటి అంచున కొలిచారనుకుంటే 14 నిమిషాలే. అంకె ఒకటే, కోణం మాత్రం ఐదింట మూడు వంతులకు పడిపోయింది. మాన్యువల్ రిమ్ దగ్గర అందా, టైరు నడుమన అందా అన్నది చదవకుండా యంత్రంలో ఏ అంకె పెట్టినా అది ఊహే. పైగా కొన్ని యంత్రాలు ఒక్కో చక్రానికి విడిగా చూపిస్తాయి, కొన్ని రెండూ కలిపి. కలిపిన అంకెను ఒక్కో చక్రానికి పెడితే టో రెట్టింపవుతుంది.

ఈ చిన్న కోణాల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. అదే 14 అంగుళాల రిమ్ దగ్గర టో 3 మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో చక్రం పావు డిగ్రీ కంటే కొంచెం తక్కువ వాలి నడుస్తుంది. ఆ లెక్కన ప్రతి కిలోమీటరుకూ టైరు దాదాపు 4 మీటర్లు పక్కకు రాసుకుంటూ పోయినట్టు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి వచ్చేసరికి రెండు కిలోమీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చినట్టే.

టైరు ఈ లెక్కంతా తన ఒంటిమీద రాసుకుంటుంది, చదవగలగాలి. ముందు టైరు మీద అరచేతిని అడ్డంగా నిమరండి. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి గరుకుగా తగిలితే టో-ఇన్ ఎక్కువైంది. దానికి తిరగబడితే చక్రాలు ముందువైపు విచ్చుకుని ఉన్నాయి. ఒక భుజమే అరిగితే అనుమానం క్యాంబర్ మీద. రెండు భుజాలూ అరిగితే గాలి తక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే బ్యాలెన్సింగ్, షాక్ అబ్సార్బర్లు, కింగ్ పిన్‌లు చూడాలి.

దారమా, కంప్యూటరా

కంప్యూటర్ యంత్రాన్ని తక్కువ చేయడం తగదు. నాలుగు చక్రాలనూ ఒకేసారి చూడటంలో దానికి సాటి లేదు. వెనుక కమాన్ మధ్య బోల్టు తెగి వెనుక ఇరుసు ఒక పక్కకు జరిగితే బండి ఒరిగి నడుస్తుంది. ముందు చక్రాలు ఎంత సరిచేసినా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. యంత్రం దీన్ని వెంటనే పట్టుకుంటుంది. అయితే పాత బండి దగ్గర దానికి రెండు ఇబ్బందులున్నాయి. స్పోకుల చక్రాలు, సన్నని పాత రిమ్‌లు దాని క్లాంపులకు సరిగా పట్టవు. రిమ్ కొంచెం వంకరైతే ఆ వంకరను కూడా కోణంగానే చదువుతుంది. చక్రాన్ని దొర్లించి ఆ వంకర తీసేసే పద్ధతి యంత్రంలోనే ఉంది, తొందరలో దాన్ని వదిలేస్తుంటారు. ఇక డేటా లేని బండికి అంకెలు చేత్తో ఎక్కించాలి. యజమాని మాన్యువల్ పేజీ తీసుకెళ్లకపోతే ఆ పని జరగదు.

దారం, చక్రాల మధ్య దూరం కొలిచే ట్రామెల్ బార్, స్పిరిట్ లెవెల్‌తో చేసే పాత పద్ధతి ఇప్పటికీ నమ్మదగినదే. ఓపిక కావాలి. ముందుగా నేల సమతలంగా ఉందో చూడాలి. చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లున్న చోట నేల 5 మిల్లీమీటర్లు వాలితే క్యాంబర్‌లో 0.2 డిగ్రీకి పైగా తప్పు వస్తుంది. 15 అంగుళాల రిమ్‌కు నిలువు దారం వేలాడదీస్తే పైకీ కిందికీ 6.6 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీ క్యాంబర్. క్యాస్టర్‌ను నేరుగా కొలవలేం. చక్రాన్ని 20 డిగ్రీలు బయటికి, 20 డిగ్రీలు లోపలికి తిప్పి రెండు చోట్లా క్యాంబర్ చూసి, ఆ తేడాను దాదాపు ఒకటిన్నరతో గుణించాలి. చక్రాలు నేల మీద పట్టేయకుండా వాటి కింద గ్రీజు పూసిన రెండేసి రేకులు పెడితే టర్న్‌టేబుల్ పని అవే చేస్తాయి. టో కొలిచేటప్పుడు టైరును తిప్పుతూ నడుమన సన్నగీత గీసి, వెనుక కొలిచిన అదే గుర్తును ముందుకు తెచ్చి మళ్లీ కొలవాలి. అప్పుడు రిమ్ వంకర లెక్కలోకి రాదు. బండిని ముందుకే నెట్టాలి. వెనక్కి నెడితే జాయింట్ల వదులు అటు వైపు చేరి కొలత మారిపోతుంది.

టై రాడ్ ఎటు తిప్పాలన్నది కూడా బండిని బట్టే. టై రాడ్ ఇరుసుకు వెనుక ఉంటే పొడిగించినప్పుడు టో-ఇన్ పెరుగుతుంది. ముందు ఉంటే తగ్గుతుంది. ర్యాక్ ఉన్న బండిలో ర్యాక్‌ను నడిమధ్యలో పెట్టి రెండు పక్కలా సమానంగా తిప్పాలి.

తేలని వాదాలు

మొదటి వాదం టైర్ల గురించి. అంబాసిడర్‌కు 5.90-15, ఫియట్‌కు 5.20-14 సైజు క్రాస్-ప్లై టైర్లు వేసిన రోజుల్లో మాన్యువల్ కొలతలు నిర్ణయించారు. ఇప్పుడు చాలామంది రేడియల్‌లు వేస్తున్నారు. రేడియల్ తక్కువ పక్కవాటుతోనే ఎక్కువ పట్టు ఇస్తుంది, దొర్లడానికి తక్కువ అడ్డు పెడుతుంది. అందుకే టో-ఇన్‌ను మాన్యువల్ చెప్పిన దాని కింది హద్దుకు, లేదా ఇంకొంచెం కిందికి తెచ్చుకోవచ్చని అనుభవజ్ఞుల మాట. జాయింట్లు గట్టిగా ఉన్న బండికి ఆ సలహా సరైందనే నా నమ్మకం. వదులు జాయింట్లున్న బండికి మాత్రం ఆ సలహా ప్రమాదం, నడుస్తుండగా చక్రాలు విచ్చుకుంటాయి. ముందు రేడియల్, వెనుక క్రాస్-ప్లై వేయడంలో మాత్రం వాదానికి తావే లేదు. మలుపులో వెనుక భాగం ముందుగా జారుతుంది. ఎప్పుడూ వేయకూడదు.

రెండోది ఇరుసును వంచే విషయం. క్యాంబర్ తప్పిన ఉక్కు ఇరుసును ప్రెస్‌లో చల్లగా వంచి సరిచేయడం పాత పద్ధతే, తెలిసినవాళ్ల చేతిలో అది ఆమోదయోగ్యం. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం మాత్రం ఆ ఉక్కుకు ఇచ్చిన పదును పోగొడుతుంది. బండి భారమంతా మోసే భాగం మీద అలాంటి ప్రయోగం చేయకూడదు. అసలు ఇరుసు వంగిందా, కింగ్ పిన్ బుష్షులు అరిగి వంగినట్టు కనిపిస్తోందా అన్నది ముందు తేలాలి. ఎక్కువ సందర్భాల్లో రెండోదే నిజం.

మూడోది క్యాస్టర్ షిమ్‌లు. బండి దారి నిలవడం లేదంటే క్యాస్టర్ పెంచమని సలహా వినిపిస్తుంది. ఒకే ఇరుసు బండిలో క్యాస్టర్ ఎక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది, వణుకుకు దారి సులువవుతుంది. మాన్యువల్ కొలత దాటి షిమ్ పెట్టే ముందు కమాన్ వాలిపోయిందేమో చూడాలి. వణుకు ఆపడానికి స్టీరింగ్ డ్యాంపర్ తగిలించడం కూడా అలాంటిదే, జబ్బు అలాగే ఉండి లక్షణం మాత్రం దాక్కుంటుంది.

నాలుగోదాన్ని మన దగ్గర ఎవరూ అంతగా పట్టించుకోరు. రోడ్డు వాలును సర్దడానికి రెండు పక్కల క్యాస్టర్, క్యాంబర్‌లలో చిన్న తేడా పెట్టే అలవాటు ఉంది. బండి క్యాస్టర్ తక్కువున్న వైపు, క్యాంబర్ ఎక్కువున్న వైపు లాగుతుంది. అమెరికాలో కుడివైపు నడుపుతారు కాబట్టి అక్కడి సలహా కుడివైపు వాలుకు విరుగుడుగా ఉంటుంది. మనం ఎడమవైపు నడుపుతాం. అమెరికన్ బ్యూక్‌కో ఫోర్డ్‌కో అక్కడి తేడాను ఇక్కడ అలాగే పెడితే బండి ఎడమ వాలుకు తోడుగా ఇంకా ఎడమకే పోతుంది. ఆ తేడాను తిరగేయాలి, లేదంటే రెండు పక్కలా సమానంగా పెట్టాలి.

ఏది ముందు, ఏది తర్వాత

ఇన్ని వాదాల మధ్యా దాదాపు అందరూ ఒప్పుకునే వరుస ఒకటుంది. ముందు టైర్లలో గాలి, టైర్ల అరుగుదల, రిమ్‌ల వంకర, బ్యాలెన్సింగ్. తర్వాత బండిని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపడం. ఊగితే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా మళ్లీ ఊపాలి. ఊపు ఆగితే తప్పు వీల్ బేరింగ్‌ది, ఆగకపోతే కింగ్ పిన్‌ది. ఆ తర్వాత రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్, బెల్ క్రాంక్, స్టీరింగ్ బాక్సు, దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు. తర్వాత స్ప్రింగులు, రెండు పక్కల ఎత్తు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం రెండు వైపులా సమానమేనా అన్నది. ఇవన్నీ బాగున్నాయని తేలాకే క్యాస్టర్, క్యాంబర్, చివర టో. క్యాస్టర్, క్యాంబర్ మారిస్తే టో మారుతుంది కాబట్టి దాన్ని ముందే పెట్టడం వృథా.

ఈ వరుసను పాటించే షెడ్డు ఖరీదు ఎక్కువ తీసుకుంటుంది, ఎక్కువ రోజులు బండిని ఉంచుకుంటుంది. పావుగంటలో పని ముగించే సెంటర్ చౌకగా అనిపిస్తుంది. అరిగిన కింగ్ పిన్ మీద పెట్టిన అంకె మొదటి గుంత దాకానే నిలుస్తుంది. ఆ లెక్కన చౌకదే ఖరీదైనది, ప్రాణాలకు కూడా.

కాబట్టి పాత కారు యజమాని చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. తన మోడల్ మాన్యువల్ సంపాదించి, అందులోని కొలతలు ఏ చోట, ఎంత బరువుతో కొలవాలో కూడా రాసి ఉంచుకోవాలి. ప్రతి సర్వీసుకూ ఏ భాగం మార్చారో, అప్పటి నాలుగు కోణాలు ఎంతో ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఆ నమోదు రెండు మూడేళ్లు పోగైతే ఏ మూల కుంగుతోందో, ఏ జాయింట్ వదులవుతోందో అదే చెబుతుంది. ట్రామెల్ బార్ పట్టుకోవడం తెలిసిన పాతతరం మెకానిక్కుల దగ్గర కుర్రవాళ్లు పని నేర్చుకునే వీలు పాత కార్ల సంఘాలు కల్పించాలి. ఆ చేతివిద్య పోతే ఈ బండ్లు మ్యూజియంలో మెరుస్తాయి గానీ రోడ్డు మీద క్షేమంగా నడవవు. ఫ్యాక్టరీ అంకెను గౌరవించడమంటే కళ్లు మూసుకుని దాన్ని పెట్టేయడం కాదు. దాన్ని రాసిన ఇంజినీరు ఏ టైరును, ఏ రోడ్డును, ఎలాంటి గట్టి జాయింట్లను మనసులో పెట్టుకున్నాడో తెలుసుకుని, ముందు ఆ గట్టిదనాన్ని బండికి తిరిగి ఇవ్వాలి. అలైన్‌మెంట్‌కు అంతకంటే దగ్గరి దారి లేదు.